ఇంటర్వ్యూ నాదే, జవాబులూ నావే

"మరి ఇన్ని దినాలు డాక్టర్ కాడికి ఎందుకు పోలే బిడ్డా?" అని అడిగింది సత్తెమ్మ.

గప్పుడు కొట్టింది నాకు డౌట్. ఎందుకంటే గా ప్రశ్న నా పేపర్ల ఉన్నది. నేను ఆమెను అడగాలె. ఆమె నన్ను అడుగుతుంది, నేను బుద్ధిగ జవాబు చెప్తున్న.

మొదటికెళ్లి చెప్త. ఎమ్మెస్సీ అయినంక నాకు సిద్దిపేటల రీసెర్చ్ అసిస్టెంట్ జాబ్ దొరికింది. ఆడోళ్ల ఆరోగ్యం మీద స్టడీ. నెలసరి నొప్పులు ఎవలకున్నయి, ఎవలు మందులు తింటున్నరు, ఎవలు ఊకెనే ఓర్చుకుంటున్నరు, గివన్నీ ఇండ్లకు పోయి అడిగి రికార్డ్ చేసుడు. కొత్తగ చేరినోళ్లకు పని నేర్పేది మా మేడం. మంచిదే, కానీ కండ్లద్దాల మీదికెళ్లి చూసిందంటే నా పేరు నేనే మర్చిపోత. ఫస్ట్ ప్రాక్టీస్ ఇంటర్వ్యూ వింటదట. బాగుంటే ఫీల్డ్‌కు, లేకుంటే ఆఫీసుల కూసోని డేటా ఎంట్రీకి. నాకు ఫీల్డే కావాలె. కంప్యూటర్ ముందల కూసునుడే అయితే గీ జాబ్‌కు ఎందుకొస్త?

ట్రైనింగ్‌ల మేడం చెప్పింది ఒక్కటే. ప్రశ్న అడిగి ఊకో. అవతలామె ఆగితే నువ్వు గూడ ఆగు. సైలెన్స్‌ను ఎవలూ ఎక్కువ సేపు ఓర్చుకోరు, ఆమెనే మాట్లాడుతది.

దుబ్బాకల సత్తెమ్మ ఇంటికి పోయిన. చీరెలు నేసే ఇల్లు. ఆమె రాట్నం ముందల కూసోని మగ్గానికి నూలు చుడుతుంది. మీరు చెప్పింది మేము ఎవలకు చెప్పమని చదివి వినిపిచ్చి సంతకం తీసుకున్న. రికార్డింగ్ ఆన్ చేసిన. నెలసరిల నొప్పి ఉండేనా అని అడిగిన.

ఉండె, అన్నది. ఊకున్నది.

నేను గూడ ఊకున్న. రాట్నం తిరుగుతుంది. ఆమెకు ఏం తొందర లేదు, నాకే చెమటలు. ఇంక కొంచెంసేపు, ఇంక కొంచెంసేపు అనుకుంట...

"నాకు గూడ ఉంటది" అన్న.

ఇంక అయిపాయె. ఎవల బిడ్డవని అడిగింది. తొగుట అని చెప్పి, బాపు పేరు చెప్పిన. మా అవ్వ ఆమెకు వరుసకు చెల్లెలట! అంటే పెద్దమ్మ. పెద్దమ్మ అడిగితే చెప్పకుండ ఎట్లుంటం? నేను నొప్పికి ఆఫీస్ బాత్రూంల కూలవడ్డది, గోలీలు మింగి ట్రైనింగ్‌ల కూసున్నది, అవ్వకు తెలిస్తే జాబ్ బంద్ చేపిచ్చి ఇంటికి తోలుకపోతదని దాచింది, ఆఖరికి మేడం అంటే భయమన్నది గూడ చెప్పిన. ఆమె రాట్నం ఆపలే. నడుమ నడుమ "ఊఁ", "అయితే?" అన్నది.

మేడం నేర్పిన టెక్నిక్ మస్తు పనిచేసింది. నా మీద.

ఇయ్యాల పొద్దున మేడం ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని అంత విన్నది. ఒకసారి నవ్వింది. ఒకసారి అద్దాల మీదికెళ్లి చూసింది, భయం ముచ్చట గాడ వచ్చుంటది.

"ఈమె ఇంటర్వ్యూ చాలా బాగ చేసింది. ఎవరు ట్రైన్ చేసిన్రు?"

"మేడం, ఆమె... జవాబులు చెప్పాల్సినామె."

"తెలుస్తనే ఉన్నది" అన్నది. తర్వాత మెల్లగ, ముందు డాక్టర్‌కు చూపిచ్చుకో, నీ నొప్పి దాచుకొని వేరేవాళ్ల నొప్పి ఏం అడుగుతవ్ అన్నది. గక్కడిదాక మంచిగనే ఉండె. రేపు సాయంత్రం లోపల ఇంకో ఇంటర్వ్యూ తేవాలట, అండ్ల నా గొంతు తక్కువ వినబడాలట, గిదే ఆఖరి చాన్సట.

సాయంత్రం అవ్వ ఫోన్. పెద్దమ్మ అంత చెప్పిందట! ఎవలకు చెప్పనని సంతకం తీసుకొని మాటిచ్చింది నేను గదా, ఆమె నాకేం ఇయ్యలే. తిట్లు పడతయని ఊకున్న. టెక్నిక్ గాదు, భయం. అవ్వ తిట్టలే.

"నాకు గూడ గట్లనే ఉండె" అన్నది. "నడుముకు తువాల బిగ్గ కట్టుకొని నాట్లేసేది. ఎవలకు చెప్తం? ఎవలన్న అడిగిన్రా?"

ఇగ చెప్పుకుంట పోయింది. పెండ్లికి ముందటియి, నేను పుట్టినంకటియి, బాపుకు గూడ తెల్వనియి. నా పేపర్ల ప్రశ్నలన్నిటికీ అడగకుంటనే జవాబులొచ్చినయి. నేను "ఊఁ" తప్ప ఏమనలే. జాబ్ బంద్ చెయ్యమని ఎవలన్నరే పిచ్చిదానా అని నన్నే తిట్టి, పొద్దుగాల బస్సుకొస్త, దవాఖానకు పోదామని ఫోన్ పెట్టేసింది.

పెట్టినంక నాకు లైట్ వెలిగింది. నా జీవితంల బెస్ట్ ఇంటర్వ్యూ గిదే. రికార్డింగ్ లేదు, సంతకం లేదు, పైంగ చెప్పింది మా అవ్వ.

రేపు దినమంత దవాఖానలనే పోతది. ఇంకో ఇంటర్వ్యూ ఏడికెళ్లి తేవాలె? నిద్ర పడ్తలేదు, మీరే చెప్పుండ్రి. క్యూల కూసున్నప్పుడు అవ్వ ముందల ఫోన్ పెట్టి, నిన్నటియన్నీ మల్ల ఒక్కసారి చెప్పవా అని అడగాల్నా? లేకపోతే డేటా ఎంట్రీ కుర్చీ మీదికి ఇప్పుడే ఒక మంచి మెత్త కొనుక్కోవాల్నా?