గంధపు సాన మీద తామర గింజ

మా నాయనకు గుండె ఆపరేషను చెయ్యాలని తిరుపతిలో డాక్టరు చెప్పిన రోజు, ఆయన ఆసుపత్రి పక్కనున్న పూజ సామాన్ల అంగట్లో దూరి తామర గింజల పొట్లం కొనుక్కొచ్చాడు. రక్తనాళాలు పూడుకుపోయాయి, ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు అంత గట్టిగా చెప్తే, ఈయనకు గింజలు గుర్తొచ్చాయి! బస్సులో చిత్తూరు దాకా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే గాజు గ్లాసులో నీళ్ళు పోసి, అందులో మూడు గింజలు వేసి, హాల్లో కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఇవి మొలవనీ పాపా, అప్పుడు పోదాం ఆపరేషనుకు."

"గింజకూ గుండెకూ ఏం సంబంధం నాయనా?"

"మనింట్లో పాలికలు పొయ్యకుండా ఏ మంచిపనైనా మొదలుపెట్టినామా? నీ పెండ్లికి పోసినాం. ఇదీ అంతే."

పాలికలంటే పెళ్ళికి ముందు మట్టి మూకుళ్ళలో నవధాన్యాలు చల్లి మొలిపించడం. మొలకలొస్తే పని శుభంగా జరుగుతుందని నమ్మకం. నమ్మనీ, ఎవరు కాదన్నారు? కానీ పెసలూ అలసందలూ ఎవరు చల్లినా మొలుస్తాయి. తామర గింజ పెంకు రాయంత గట్టిది, నీళ్ళు లోపలికి పోవు. గుంట ఉన్న కొసను గరుకు రాయి మీద అరగదీసి, లోపలి తెలుపు కనిపించగానే ఆపాలి. ఇంకాస్త లోతుకు పోతే కుళ్ళిపోతుంది. అసలు అరగదీయకపోతే నీళ్ళలో గులకరాయిలా పడి ఉంటుంది. మిద్దె మీద తొట్లలో ఇన్ని రకాల పూలు పూయించిన మనిషికి ఇది తెలియదా అంటే, తెలుసు. ఫోనులో వీడియో చూపించింది నేనే. అంతకుముందు ఆయన వేసిన తామరలు ఒక్కటీ మొలవకపోయినా ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"కోత పెట్టి పుట్టించేదేంది? పుట్టేదైతే దానంతట అదే పుడతాది" అని ఈసారీ అన్నాడు. అంటూ చొక్కా గుండీల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. మా నాయనకు భయం. రొమ్ము ఎముక కోస్తారన్న మాట ఆయన చెవుల్లోంచి పోవడం లేదు. మొలవవని తెలిసే ఆ గింజలను ఎంచుకున్నాడేమోనని కూడా అనిపించింది. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తర్వాత మా ఇంట్లో అందరి కళ్ళూ ఆ గ్లాసు మీదే. నాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రోజూ మిద్దెక్కి మొక్కలకు నీళ్ళు పోసే మనిషి, మెట్ల మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోవడం మొదలైంది. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇచ్చిన తేదీకి రాకపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమన్నారు. నేను ఫోను పెట్టేసి, "చూడు, ఒక్కటన్నా కదిలిందా?" అని గ్లాసు వైపు వేలు చూపించాను.

అమ్మ నా చేతి మీద చటుక్కున కొట్టింది. "వేలు చూపిస్తావేందే! పిందెకు వేలు చూపిస్తే రాలిపోతాదని తెలీదా?"

"అది పిందె కాదు, రాయి!" అని అరిచాను. నాయన తల తిప్పుకున్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా, ఇక ఆగలేక నేనే ఒక గింజ అరగదీద్దామని దేవుడి గదిలోకి పోయాను. అక్కడ అమ్మ రోజూ గంధం తీసే సాన ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే, గంధం ఉండాల్సిన చోట నల్లటి పొడి అంటుకుని ఉంది.

"అరవొద్దు" అంది వెనక నుంచి అమ్మ. "గింజను నేనే రాసినా. మొదటిది లోతుకు పోయింది. నీళ్ళు పాల మాదిరి అయిపోయి కంపు కొట్టినాయి. మీ నాయన లేచేలోపల పారబోసి, పొట్లంలోది ఇంకోటి రాసి వేసినా."

దేవుడి సాన మీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వని మనిషి! ఆమె వేలి కొసలు చూశాను. చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"ఇదీ కుళ్ళితే?"

"నోరు మూయి" అంది. సాన నా చేతిలోంచి లాక్కుంది.

రోజూ నీళ్ళు మార్చే పని అమ్మే తీసుకుంది. నీళ్ళు తేటగా ఉన్నాయా అని ఇద్దరం దొంగల్లా తొంగిచూసేవాళ్ళం. ఒక ఉదయం నేను వంటింట్లో ఉండగా నాయన కేక వినిపించింది. చేతిలోది వదిలేసి పరిగెత్తాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. గ్లాసులో ఒక గింజ ఉబ్బి, నోరు విచ్చుకుని, ఆకుపచ్చ మొలకను బయటికి పంపింది.

ఆయన నవ్వుతూ దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎవురు కోసినారు దీన్ని?"

"నేనే" అంది అమ్మ. "ఏం జేస్తావో చేసుకో. మిగతా రెండూ నీ మాటిని అట్లే పడుండాయి, సూడు. కోత ఓర్చుకున్న దానికుండే ధైర్యం కూడా నీకు లేదా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మా అమ్మ ఆయన ముందు అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

నాయన గింజ మీది కోతను బొటనవేలితో తడిమాడు. మెల్లగా నీళ్ళలోకి వదిలాడు. "సాన కడిగినావా లేదా? దేవుడికి నల్లగంధం పెట్టేవు" అన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఫోన్ చెయ్ పాపా, వస్తామని" అన్నాడు.

తిరుపతికి కారులో పోయాం. గ్లాసు అమ్మ ఒళ్ళోనే ఉంది, వద్దన్నా వినలేదు. ఆపరేషను గది ముందు స్ట్రెచర్ ఆపినప్పుడు నాయన అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉందని అమ్మ తర్వాత చెప్పింది.

"ఎంత లోతుకు రాసినావు దాన్ని?" అని అడిగాడు.

"తెలుపు కనపడేదాకానే. అంతకంటే పోలేదు."

ఆయన తల ఊపాడు. తలుపులు మూసుకున్నాయి.

సాయంత్రం నర్సు బయటికొచ్చి, "కండ్లు తెరిచినాడమ్మా" అంది. అమ్మ గ్లాసు తీసుకుని, నీళ్ళు మార్చడానికి కొళాయి వైపు నడిచింది.