అహరోను వెనక్కి తెచ్చిన స్పీకర్లు

అమ్మిన సరుకు మళ్లీ దుకాణం మెట్లెక్కుతుంటే నాకు సగం ప్రాణం పోతుంది. ఆదిలాబాద్‌లో ఇన్నేళ్లుగా టీవీలు, మిక్సీలు, స్పీకర్లు అమ్ముకుని బతుకుతున్నాను కాబట్టి అది నాకు కొత్తేమీ కాదు. అయినా ఆ ఎండపూట అహరోను రెండు పెట్టెలనూ చెరో చంకలో పెట్టుకుని రావడం చూడగానే, ఫ్యాను కింద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నీరసపడ్డాను. అప్పటికే ఒక జత మార్చి ఇచ్చాను. ఇది రెండోది.

“ముకర్రం భాయ్, గివి గూడ గంతే,” అన్నాడు పెట్టెలు బల్ల మీద పెట్టి. “బిడ్డ గొంతు గోడ అవుతల్నుంచి వస్తున్నట్టే ఉన్నది.”

అహరోను జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి, ఈమధ్యే మానేశాడు. పత్తిలోంచి గింజను వేరుచేసే మిషన్లు వరుసగా నడుస్తుంటే పక్కవాడి అరుపు కూడా వినబడదు. ఆ హోరులో నిలబడి, ఏ మిషను బేరింగు పోతోందో, ఏ రోలరు అరిగిందో చెవితో చెప్పేవాడు. సేట్లు బయటి నుంచి మెకానిక్కును పిలిపించే ముందు అహరోనును అడిగేవారు. ఆ మిల్లులో ఎవడైనా చెవిలో ఇంత పత్తి పెట్టుకుంటే మిగతావాళ్లు ‘బాలింత’ అని వాణ్ణి పొద్దుగూకేదాకా ఏడిపించేవారట. ఇక ఫిట్టరు పెట్టుకుంటే తల ఎత్తుకోలేడు. మిషను మాట వినబడనివాడు ఫిట్టరెట్లా అవుతాడని వాళ్ల లెక్క.

అటువంటి చెవి గల మనిషి స్పీకర్లు కొంటానని వస్తే మొదట నాకు ముచ్చటేసింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు సామాన్యంగా ఎన్ని వాట్లని అడుగుతారు, డీజే పాట పెట్టమంటారు, అద్దాలు అదిరితే సంతోషపడతారు, ఆఖరికి ఫోనులో రేటు చూసి వెళ్లిపోతారు. అహరోను మాత్రం సౌండు తక్కువ పెట్టమన్నాడు. మనిషి గొంతు ఎట్లా పలుకుతుందో వింటానన్నాడు. కొనదలిచినవాళ్లకు నేను చెప్పేదీ అదే, వినేవాడే దొరకడు. వాళ్లది చిన్న ఇల్లు, పింఛను బతుకు. అందుకని అరలో పట్టే చిన్న చెక్కపెట్టెల జత చూపించాను. లోపలే యాంప్లిఫయరు ఉంటుంది, ఫోనుకు కలిపితే చాలు. ఆ ధరకు అంతకన్నా మంచివి నా దుకాణంలో లేవు.

కొనడం పాటల సరదాకు కాదని ఆ రోజే చెప్పాడు. కూతురు మహిమ కరీంనగర్‌లో నర్సు. అక్కడి చర్చిలో పాటల బృందంలో పాడుతుంది. చిన్నప్పుడు ఆమెకు పాట నేర్పింది తండ్రే. ఇప్పటికీ ప్రతి ఆదివారం పాడింది ఫోనులో పంపి, ఎట్లుందని అడుగుతుంది. ఈమధ్య ఎప్పుడు అడిగినా అహరోనుది ఒకటే మాట, గొంతు బయటికి రావడం లేదు, నోరు తెరిచి పాడు అని. ఆ పిల్ల గట్టిగా పాడి చూసింది. మెల్లగా పాడి చూసింది. ఈసారి మాత్రం, “నాకు చేతనైతలేదు బాపూ, బృందంల నుంచి తప్పుకుంట,” అన్నదట.

“ఫోన్ల తప్పే కావాలె భాయ్,” అన్నాడు అహరోను నాతో. “మంచి పెట్టెల్ల ఇంటే తెలుస్తది. పెట్టెల్ల గూడ గట్లనే ఉంటే మానుకుంటేనే మంచిది. బిడ్డ అని అబద్ధం చెప్ప నేను.”

మొదటి జత మొద్దుగా ఉందని తెచ్చాడు. పైస్వరం, అంటే ట్రెబుల్, బాగా పలికే ఇంకో జత ఇచ్చాను. ఇప్పుడు అదీ తిరిగొచ్చింది. దుకాణంలో పెట్టి విన్నాను. శుభ్రంగా పలుకుతోంది. నాకు ఒళ్లు మండింది.

“నీ చెవికి సరిపోయే స్పీకరు ఇంక ఎవడూ చెయ్యలేదన్నా,” అన్నాను.

అతను నొచ్చుకోలేదు. “ఇయ్యాల రాత్రికి మహిమకు చెప్పాలె భాయ్, మానుకొమ్మని. జర ఒక్కసారి ఇంటికొచ్చి చూడు,” అన్నాడు. ఆ మొహం చూసి కాదనలేకపోయాను. మనవాళ్లు స్పీకర్లను షోకేసులో బొమ్మల వెనక దాచి, అద్దం మూసి, సౌండు రావడం లేదంటారు. ఇదీ అట్లాంటిదే అయ్యుంటుందని షట్టరు దించి, అతణ్ణి, పెట్టెలను స్కూటరు మీద ఎక్కించుకున్నాను.

తీరా చూస్తే ఇంట్లో అమ్మినప్పుడు నేను చెప్పినట్టే అంతా ఉంది. రెండు స్టూళ్లు, మధ్య దూరం, కూర్చుంటే పెట్టె చెవికి సమానంగా. వంక పెట్టడానికేమీ లేదు. నాకు ఇంకా అలసటగా అనిపించింది. అహరోను పెట్టెలు కలిపి, వెనక పైస్వరం పెంచే మరను చివరిదాకా తిప్పి, మహిమ పాట పెట్టాడు.

పళ్లెం మీద మేకుతో గీకినట్టుంది. నాకు తెలియకుండానే చెవి మూసుకున్నాను.

“చూసినవా, గుడ్డ కప్పినట్టు లేదా?” అన్నాడు అహరోను.

ఇంతలో అతని భార్య రిబ్కమ్మ చాయ్ తెచ్చింది. వంగి కప్పు ఇస్తుంటే నెత్తిమీది కొంగు జారింది. రెండు చెవుల్లోనూ పత్తి ఉంది.

“చెవి నొస్తున్నదా వదినా?” అన్నాను. ఆమెకు వినబడలేదు. మళ్లీ అడిగాను. ఆమె గబుక్కున కొంగు సవరించుకుంది కానీ అహరోను చూడనే చూశాడు.

“బాలింత లెక్క గిదేందే?” అని నవ్వాడు.

రిబ్కమ్మ పత్తి తీసి పిడికిట్లో పెట్టుకుంది. “ఏం లేదు. నువ్వు పాట పెట్టినప్పుడు పెట్టుకుంటున్న. చెవులు కోసినట్టయితది.”

“మరి చెప్పలేదేంది?”

“చెవి మీద బతికినోనివి నువ్వు. నీకెట్ల చెప్పుదు?”

నేను లేచి మరను సగానికి తిప్పాను. పాట నడుస్తూనే ఉంది. రిబ్కమ్మ మొహం తేటపడింది. వెళ్లబోయిన మనిషి గోడకు ఆనుకుని కూర్చుంది. “గిప్పుడు మంచిగున్నది,” అంది. “బిడ్డ పక్కన కూసోని పాడినట్టే ఉన్నది. పాటెంబడి గా గజ్జెల సప్పుడు గూడ ఎంత మంచిగున్నదో.”

“గజ్జెలేడియి?” అన్నాడు అహరోను.

“మొదట్నుంచి ఉన్నయి గద.”

అతను పెట్టె దగ్గరికి జరిగి చెవి ఆనించాడు. అక్కడే చాలాసేపు ఉన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఉన్నాయన్నా అని తల ఊపాను. చాలా దుఃఖమొచ్చింది. దుకాణంలో ఒళ్లు మండి అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది కూడా.

అహరోను భార్య పిడికిలి విప్పి ఆ పత్తి తీసుకున్నాడు. మిల్లు అలవాటు ఎక్కడికి పోతుంది, రెండు బొటనవేళ్ల మధ్య లాగి పోగు పొడుగు చూశాడు. “మంచి పత్తి,” అన్నాడు. “కాళ్ల కింద గుట్టలు గుట్టలు ఉండె. చెవిల ఇంత పెట్టుకోకపోతి.”

డాక్టరుకు చూపించమన్నాను. చెవికి మిషన్లు వచ్చాయన్నాను. “చూద్దాం తియ్,” అన్నాడు. పెట్టెలు తీసుకుపోనా అంటే వద్దన్నాడు. “వాటి తప్పేమున్నది. ఉండనియ్, రిబ్కా ఇంటది.”

రాత్రిదాకా ఆగలేదు. అప్పటికప్పుడే మహిమకు ఫోను చేశాడు.

“నువ్వు మానకు బిడ్డా,” అన్నాడు. “నీ గొంతుకు ఏం కాలే. నా చెవులే పోయినయి. ఇన్ని రోజులు నిన్ను ఉత్తగనే అన్న.”

అటునుంచి ఏదో మాట వచ్చింది. అహరోను ఫోనును చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఇంకో చెవికి మార్చాడు. చివరికి రిబ్కమ్మ చేతికి ఇచ్చాడు.

“ఏమంటున్నదో ఇని నాకు చెప్పు,” అన్నాడు.