నలభై మంది ఫస్టులున్న బడి

మా మేనత్త మొన్న మంగళవారం పోయింది. ఆమె మీద నా కోపం చల్లారకముందే పోయింది. హఫీజ్‌పేట స్టేషన్‌లో కూరగాయల గంప దింపి, "జర ఆయాసంగుంది" అని కూర్చున్నదట. మళ్లీ లేవలేదు. కబురు అందేసరికి నేను కాలేజీలో ఉన్నాను.

ఆమెతో వేగడం ఎవరి తరమూ కాలేదు. కొండాపూర్‌లో మాతోనే ఉండేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఎవరేం చెప్పబోయినా "నాకెరికే" అని నోరు మూయించేది.

ఎమర్జెన్సీకి రెండేళ్ల ముందు, జిల్లా అంతటికీ పరీక్ష పెట్టి నలభై మందినే తీసుకునే హాస్టల్ బడిలో నాకు సీటొచ్చింది. పట్నంలో ప్యూనుగా చేసే మా బాపు ఊరంతా పేడాలు పంచాడు. ఊరి బడిలో నేనెప్పుడూ ఫస్టే. అక్కడ మొదటి పరీక్షలో ముప్పై ఒకటో ర్యాంకు, రెండోదాంట్లో ముప్పై ఆరు. పళ్లెంలో అన్నం సగం వదిలేసి లేచేవాణ్ని.

ఒక ఆదివారం అత్త చూడవచ్చింది. నా మణికట్టు పట్టుకుని చూసి, నేరుగా హెడ్మాస్టరు గదిలోకి నడిచింది.

"మీవాడు వెనకబడ్డాడమ్మా. ఇంకా కష్టపడాలి," అన్నారాయన.

"ఊరూరి ఫస్టోళ్లను తెచ్చి ఒక్కతాన కూసోవెడితిరి. అందరూ ఫస్టెట్ల వస్తరు సారూ? ఎవడో ఒకడు ఆఖరుకుండాలె గద!"

ఆయన నవ్వారు. తండ్రిని తీసుకురమ్మన్నారు. "వాని నాయిన నా తమ్ముడే," అంటూ నా ట్రంకుపెట్టె నెత్తినెత్తుకుంది. నన్ను ఒక్కమాట అడగలేదు.

"పోరని నసీబు చెడగొట్టినవ్ అక్కా," అని బాపు ఆర్నెల్లు ఆమెతో మాట్లాడలేదు. నేను నడిచిపోయే హైస్కూల్లోనే చదివాను. బాగానే చదివాను.

పోయిన నెల, ఆ బడిలో నా పక్కన కూర్చున్నవాడికి మెడిసిన్ సీటొచ్చిందని తెలిసింది. ఇంటికొచ్చి అత్త మీద విరుచుకుపడ్డాను. "అది మంచి బడి కాదా? చెప్పు!"

ఆమె బియ్యంలో రాళ్లేరుతూ తల ఎత్తలేదు. "మంచి బడే. ఎవలు కాదన్నరు? నువ్వు అన్నం తింటలేకుంటివి."

ఇదా జవాబు? ఆ రోజు నుంచి ముభావంగానే ఉన్నాను.

మెడిసిన్ సీటొచ్చిన ఆ స్నేహితుడు నిన్న పలకరించడానికొచ్చాడు. "ఆ బడే లేకుంటే నేను గొర్లు కాస్తుండేటోణ్ని," అన్నాడు. అదీ నిజమే. ఎవరినడిగినా నిజమే చెబుతారు, నాకు పనికొచ్చేది మాత్రం ఒక్కరూ చెప్పరు.

నన్ను బడి నుంచి తీసుకొచ్చిన ఆ ఆదివారం తిరుగు బస్సులో సీటు దొరకలేదు. నన్ను పెట్టె మీద కూర్చోబెట్టి అత్త నిలబడింది. పెట్టె దారికి అడ్డమని కండక్టరు గొణిగితే వాడితో తగవు పెట్టుకుంది. నేను నిద్రలోకి జారాను. ఒక కుదుపుకు మెలకువ వచ్చి చూస్తే ఆమె ఇంకా కొట్లాడుతూనే ఉంది. ఒక చెయ్యి కండక్టరు మొహం ముందు ఆడుతోంది. రెండోది నా తలకూ సీటు ఇనుపకడ్డీకీ మధ్య, తగలకుండా, అడ్డం పెట్టి ఉంది.