మిషను నంబరు మీద ఉన్న కన్ను

మా చెల్లెలి మొదటి గెలుపు ఒక ముసలాయన ఎడమకన్ను. ఆయన తల కుదురుగా ఉండదు, అదేపనిగా ఊగుతుంది. ఇద్దరు టెక్నీషియన్లు ప్రయత్నించి విసిగిపోయి, ఈయనకు కంటి లోపలి ఫోటో రాదని చీటీ మీద రాసేశారు. అప్పటికి ఆస్పత్రిలో చేరి నెల కూడా నిండని మా చెల్లెలు ఆయన గడ్డాన్ని మిషను మీద ఆనించి, తల వెనక తన అరచేయి పెట్టి, ఆ ఊపు ఎక్కడ రెప్పపాటు ఆగి వెనక్కి మళ్లుతుందో కనిపెట్టింది. నలభై మూడో ఫోటో అద్దంలా వచ్చింది. అప్పుడామెకు యాభై ఏళ్లు.

నేను ఆమె పెద్దన్నను. ఊరి బడిలో ఎనిమిది దాకా చదివినవాణ్ణి. తన గొప్ప తాను చెప్పుకునే మనిషి కాదు కనుక నేనే చెబుతున్నాను. పాతికేళ్లు భర్తతో కలిసి ఫోటో స్టూడియో నడిపింది. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియోకి తాళం పడితే, కంటి ఫోటోల కోర్సులో చేరి, తన కూతురి ఈడు పిల్లల మధ్య కూర్చుని మొదటి స్థానం తెచ్చుకుంది. పదకొండేళ్లలో ఎనభై వేల కళ్లు తీసింది. ఏడ్చే పసిపిల్లల కళ్లు తీసింది, శుక్లాలు కమ్మిన కళ్లు తీసింది, డాక్టర్లనే కసిరే ఒక పోలీసాయన కళ్లు కూడా తీసింది. ఆస్పత్రిలో ఆమెను అందరూ కంటిఫోటో అక్క అంటారు. ఆమె తీసిన ఫోటో బాగాలేదని ఒక్కరూ వెనక్కి పంపలేదు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే రోగులు రాకముందు మిషను సరిగా ఉందో లేదో చూసుకోవాలి. దానికి ఒక కన్ను కావాలి. మా చెల్లెలు తన కుడికన్నే పెట్టేది. ఫోటో తీసి, నిన్నటిదాని పక్కన ఉంచి, నరాలు అంతే స్పష్టంగా, రంగు అంతే వెలుతురుగా ఉంటే సరే అని టిక్కు పెట్టి పని మొదలుపెట్టేది. పదకొండేళ్లూ అదే కన్ను, అదే టిక్కు. మిషనులో రోగి పేరు ఉండాల్సిన చోట ఒక నంబరు వేసేది.

మొన్న నవంబరు చివర్లో ఆస్పత్రికి కొత్త ప్రోగ్రాము వచ్చింది. వయసు మీద పడ్డాక కొందరికి కంటి వెనక రెటీనా నడిమధ్య చోటు పాడైపోతుంది. చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ పనికొచ్చేది ఆ చోటే. ఎవరికి ఆ జబ్బు ముదురుతుందో, ఎంత కాలంలో ముదురుతుందో పాత ఫోటోలు వరసగా చూసి ముందే చెబుతుందట ఆ ప్రోగ్రాము. దానికి ఇచ్చినవన్నీ మా చెల్లెలు తీసిన ఫోటోలే. అందుకని రెటీనా డాక్టరమ్మ సిబ్బందికి చూపించే రోజు నన్ను కూడా రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను.

పేర్లు లేకుండా నంబర్లతోనే తెర మీద ఒక్కొక్క కన్నూ వస్తోంది. అన్నిటికంటే ఎక్కువ ఫోటోలున్న కన్ను ఏడోది. మూడువేల పైచిలుకు. తెర మీద ఎర్రగీత పైకి లేచింది. రెండేళ్లలోపు ముదిరే అవకాశం వందకు డెబ్బై ఎనిమిది పాళ్లు అని వచ్చింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఎవరీ మనిషి? ఇన్నిసార్లు వచ్చిపోతుంటే ఎవరూ చూడలేదా? రేపే పిలిపించండి."

మా చెల్లెలు నంబరు చూసి నవ్వింది. "అది మిషను నంబరు డాక్టరమ్మా. మనిషిది కాదు."

"మిషనుకి కన్నెక్కడిది అక్కా?"

మా చెల్లెలి నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

డాక్టరమ్మ మొట్టమొదటి ఫోటోనీ ఆ రోజు పొద్దుటి ఫోటోనీ పక్కపక్కన పెట్టింది. మొదటిది నున్నటి నారింజరంగు పళ్లెంలా ఉంది. రెండోదాని నడిమధ్య ఆవాలు చల్లినట్టు పచ్చటి చుక్కలు. చదువు అంతంతమాత్రమైన నాకే తెలిసిపోయింది. ఎనభై వేల కళ్లు చూసిన మనిషి తెర దగ్గరికి నడిచింది.

"వీటిని ఇలా ఎప్పుడూ పెట్టి చూడలేదన్నయ్యా," అంది. "ఈరోజుదాన్ని నిన్నటిదాంతోనే చూశాను. నిన్నటికీ ఈరోజుకీ తేడా ఏముంటుంది?"

ఎడమకన్ను తీశారా అని డాక్టరమ్మ అడిగింది. ఒక్కసారి కూడా తీయలేదు. అప్పటికప్పుడు ఆమెను రోగుల స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ స్టూలు మీద ఆమెను చూడటం నావల్ల కాలేదు. ఫోటో వచ్చింది. కుడికంటికి రెండేళ్లు గడువు చెప్పారు గానీ, ఎడమదానిలో జబ్బు అప్పటికే ముదిరి, నడిమధ్య చోటు కింద నీరు చేరింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. ఆరు నెలలుగా, కుడివైపుకి తిరిగి పడుకున్నప్పుడల్లా కిటికీ చువ్వలు వంగాయంటూ నా ప్రాణం తీస్తోంది. కుడికన్ను దిండులో పూడిపోతే ఎడమది ఒక్కటే చూస్తుందని, వంకర ఆ కంటిదేనని మాకు తట్టలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, చువ్వలకు దారం పట్టి చూశాను. నిటారుగానే ఉన్నాయి. నీ చూపు మందగించిందిలే అని నన్నే ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను.

పోయిన చూపు తిరిగొస్తుందా అని ఆమె అడగలేదు. మిషను దగ్గర మళ్లీ కూర్చోగలనా, అదొక్కటే అడిగింది. నీరు తగ్గితే కూర్చోవచ్చని, ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరమ్మ అంది. కంట్లో మందు సూది, నెలకొకటి చొప్పున మూడు. అది వేసే పెద్దాస్పత్రి ఇక్కడికి తొమ్మిది గంటల ప్రయాణం. ఆ ఊళ్లోనే ఉన్న కూతురింట్లో ఉండి వేయించుకుంటోంది.

మొదటి సూదప్పుడు అక్కడి ఫోటో తీసే అమ్మాయికి, గడ్డం ఇంకాస్త పైకి పెట్టించు, వెలుతురు తగ్గించు అని పాఠం చెప్పిందట. రెండో సూది తర్వాత ఫోన్‌లో తనే చెప్పింది. నీరు సగానికి పైగా తగ్గింది. తలుపు అంచు తిన్నగా కనపడుతోంది. నడిమధ్య చిన్న మసక మాత్రం పోలేదు, అది పోదని కూడా చెప్పారు. కుడికంటిలో ఆవగింజలు అలాగే ఉన్నాయి. ఇక నెలనెలా చూసుకోవాలి. ఈ మాటలన్నీ ఆమె వేరెవరి కన్ను గురించో చెప్పినట్టు చెప్పింది. నేను మాత్రం గోడకు ఆనుకుని విన్నాను.

మూడో సూది ఫిబ్రవరి రెండున. పదమూడున ఆఖరి ఫోటో. అందులో నీరు లేకపోతే ఆమె మళ్లీ డ్యూటీకి రావచ్చని డాక్టరమ్మ సెలవు చీటీ మీద తేదీ వేసి సంతకం చేసింది. ఫిబ్రవరి పదహారు, సోమవారం, పొద్దున ఎనిమిదింటికి.