మచ్చలు తీసేసిన కృత్తికలు

ఈ రోజు మా ఆవిడ పుట్టినరోజు. ఆవిడది కృత్తికా నక్షత్రం. అందుకని రామాపురం బీచ్‌లో ఆరు రాత్రులు కెమెరా పెట్టుకుని కూర్చుని కృత్తికల గుంపునీ, దాని చుట్టూ పల్చటి నీలిరంగు పొగలా వెలిగే ధూళినీ ఫొటో తీశాను. ఆ నీలం కనపడాలంటే వందల ఫొటోలు ఒకదానిమీద ఒకటి కలపాలి. పెద్ద సైజులో ప్రింటు వేసి ఫ్రేము కట్టమని తెనాలిలో పెళ్లి ఫొటోలు తీసే ఒక స్టూడియోలో మూడు రోజుల కింద ఇచ్చాను.

ఈ సాయంత్రం వెళ్తే స్టూడియో ఆయన ఫ్రేము చేతిలో పెట్టాడు. అద్దం వెనక నలుపు తప్ప ఏమీ లేదు.

"ఏంటండీ ఇది? నా ఫొటో ఏదీ?"

"అదేనండి మాస్టారూ. ముందు ఆ నీలం పొగ తీసేశాను. తర్వాత చూస్తే అన్నీ తెల్ల మచ్చలేనండి! ఏ పెళ్లికూతురి మొహం మీదా అన్ని మచ్చలు చూళ్లేదు. రెండు రోజులు కూర్చుని ఒక్కోటీ చెరిపాను."

ఆయన కళ్లు నిజంగానే ఎర్రబడి ఉన్నాయి. అసలు ఫొటో వేసిమ్మని అడిగాను. మళ్లీ ప్రింటు కావాలంటే రేపు రమ్మన్నాడు. రేపల్లె రైలుకి టైమైపోతోంది. చేసేదేం లేక అదే కాగితంలో చుట్టించుకుని పట్టుకొచ్చాను.

మా ఆవిడ కాగితం విప్పి, సంగతంతా విని, పగలబడి నవ్వింది. తర్వాత ఆ ఫ్రేములోకి చూసుకుంటూ జడలో కనకాంబరాలు సర్దుకుంది.

"ఎంత బాగా కనపడుతున్నానో! దీన్ని మార్చకండి" అంది.

హాల్లో మేకు కూడా కొట్టించింది. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే అది నక్షత్రమని చెప్పాలా, అద్దమని చెప్పాలా? మీరే చెప్పండి.