అత్త కుట్టిన నవల

మా మేనత్త బ్లౌజులు కుట్టేది. శంషాబాదులో మా వీధి ఆడవాళ్లలో ఆమె కుట్టిన బ్లౌజు వేసుకోనివాళ్లు తక్కువ. ఆమె కుట్టిన నవలలు చదివినవాళ్లం మాత్రం ముగ్గురమే: ఆమె, నేను, ఎదురింటి ఆంటీ.

నవల కుట్టడమంటే రాయడం కాదు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి బీరువా మీద దాచడం, సీరియల్ అయిపోయాక వాటిని వరసగా పేర్చి దారంతో కుట్టడం, పాత క్యాలెండరు చించి మైదా జిగురుతో అట్ట వేయడం. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఇలా చేసేవారు. అత్త ఈ పని మా చర్చిలో చినిగిన పాటల పుస్తకాలు బాగుచేస్తూ నేర్చుకుంది. అందుకే ఆమె కుట్టిన నవలలో రాకెట్టు పేలిపోయినా, గ్రహాలు ఢీకొన్నా, పేజీ మాత్రం ఊడేది కాదు.

పత్రిక కొనేది ఎదురింటి ఆంటీ. వాళ్లది కోస్తా జిల్లా. అంకుల్ బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆంటీ చదివిన పత్రిక మా ఇంటికి వచ్చేది. నేను చదివాక అత్త కత్తెర అందుకునేది. ఆంటీకి సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ అంటే ప్రాణం. అంతకంటే ప్రాణం, వాటిలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి ఆమె మా వరండాలో కూర్చుని తీర్పు సిద్ధం చేసుకుని ఉండేది.

"కొట్టేశాడండీ వదినగారూ. మరమనిషి ఏడవడం పోయినేడు సీరియల్లోనే అయిపోయింది. అందులోకి అంతకుముందు దాన్లోంచి వచ్చింది. అసలు మొట్టమొదట ఏడ్చిన మరమనిషి ఎవరో దేవుడికే తెలియాలి."

"ఏడ్వనియ్యక్కా," అనేది అత్త, మిషను ఆపకుండానే. "మనం ఏడుస్తలేమా, ఒకళ్లను జూసి ఒకళ్లం?"

ఆంటీ దయ చూపిన నవల ఒక్కటే ఉండేది. దాని అట్ట మీద గొర్రెపిల్లల బొమ్మ ఉన్న క్యాలెండరు కాగితం. నేను స్కూల్లో ఉన్నప్పుడు అత్త కుట్టింది. అందులో ఒక ముసలి శాస్త్రవేత్త ప్రయోగశాలలో మంటలంటుకుని చనిపోతాడు. పేజీ తిప్పితే నింపాదిగా కూర్చుని టీ తాగుతూ ఉంటాడు. ఎలా బతికాడో రచయిత ఎక్కడా చెప్పడు. పైగా హీరోయిన్ పేరు కూడా మారిపోతుంది. "గ్రహం మారితే పేరూ మారుతుంది. ఎంత లోతుగా ఆలోచించాడండీ," అని ఆంటీ మురిసిపోయింది. "ఇన్నేళ్లలో ఎక్కడా కొట్టేయని నవల ఇదొక్కటే."

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. డిగ్రీ చివరి సంవత్సరంలో నేనొక కథ రాసి, వేరే పేరు పెట్టి, ఆ వారపత్రికకే పంపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బస్సులో మా స్టాప్ వచ్చిందని కండక్టరుతో గట్టిగా చెప్పలేక తర్వాతి స్టాప్‌లో దిగి వెనక్కి నడిచి వచ్చే మనిషిని నేను. కథ రాశానని నోటితో చెప్పడం నాకు సాధ్యమయ్యే పని కాదు. డైరీలో మాత్రం రాసుకున్నాను: అచ్చయితే, అది బాగుందని ఒక్కరైనా అంటే, ఇంకొకటి రాయాలి. లేకపోతే మానేయాలి.

అచ్చయింది. ఆ ఆదివారం వరండాలో పత్రిక ఆంటీ చేతిలో ఉంది. అత్త మిషను ముందు ఉంది. నేను చాటలో చింతచిగురు ఏరుతున్నాను.

"కొత్త పేరు ఎవరో రాశారండీ," అంది ఆంటీ. "మన శంషాబాదు వైపు కథలాగే ఉంది. వినండి."

చదివింది. మహేశ్వరం పోయే దారిలో ఒక ఆముదం చేలో ఆకాశనౌక దిగుతుంది. అందులోంచి ఒక పెద్దాయన బయటికి వస్తాడు. అప్పుడప్పుడే ఇటువైపు విమానాశ్రయం వస్తుందన్న మాట మొదలైంది కాబట్టి, ఊళ్లోవాళ్లు మొదట ఆయన భూమి కొలవడానికి వచ్చాడనుకుంటారు. తర్వాత గుర్తుపడతారు. అంతరిక్షంలో పనిచేస్తూ చనిపోయాడని రేడియోలో చెప్పిన శాస్త్రవేత్త ఆయనే. తను చనిపోయిన సంగతి ఆయనకు తెలియదు. ఇంటికి వచ్చిన మనిషితో ఆ మాట ఎలా అంటాం అని ఊరంతా ఇబ్బంది పడుతూ, ఆయనకు చాయ్ మీద చాయ్ పోస్తూ ఉంటుంది.

"మంచిగనే ఉన్నది," అంది అత్త. నాకు చాటలో ఏది ఆకో ఏది పుల్లో తెలియడం మానేసింది.

"బాగానే ఉంది," అంది ఆంటీ. "కానీ కొట్టేశారు."

"ఎందులకెల్లి?"

"చనిపోయిన శాస్త్రవేత్త కూర్చుని టీ తాగడం. ఇది మీ గొర్రెపిల్లల నవల్లోది వదినగారూ. ఉన్న ఒక్క అసలు నవలను కూడా వదల్లేదండీ ఈ జనం."

"బిడ్డా, గా గొర్రెపిల్లల బుక్కు జర తే," అంది అత్త నాతో.

నా మీద సాక్ష్యం నేనే తేవడానికి లేచాను. బీరువా దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది. ఆ ముసలాయన ఎలా బతికాడా అని స్కూలు రోజుల్లో ఎంత ఆలోచించానో. లెక్కల క్లాసులో, చర్చిలో ప్రసంగం సాగుతుంటే, స్నానానికి నీళ్లు కాగుతుంటే. ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో మర్చిపోయాను. జవాబు మాత్రం మిగిలి, నా సొంతమన్నట్టు కథలోకి వచ్చి కూర్చుంది. అంటే ఆంటీ చెప్పింది నిజమే. ఇక రాయకూడదని అక్కడే అనుకుని, పుస్తకం తెచ్చి ఇచ్చాను.

ఆంటీ పేజీలు తిప్పింది. "ఇదిగో, ఇక్కడ పోయాడా? ఇదిగో, ఇక్కడ టీ." అని ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"వదినగారూ, ఆయన పోయిన పేజీకి రెండు కాలమ్‌లున్నాయి. టీ తాగే పేజీకి మూడు. అక్షరాలు కూడా చిన్నవి."

అత్త దారం కొరికింది. "ఔను మరి. రెండూ వేరే వేరే పత్రికలు గద."

"వేరే వేరేనా?"

"మీరు గా ఎండకాలం మీ ఊరికి పోయిండ్రు, యాదికున్నదా? ఇగ పత్రిక రాలె. నడిమిట్ల పేజీలు లెవ్వు. పాత పత్రికల గిసొంటిదే ఒక సీరియల్ ఉండె. గండ్ల గూడ గడ్డం ముసలాయన, రాకెట్టు, ఒక పోరి. తెచ్చి అతికిచ్చిన."

"అతికించారా!"

"బ్లౌజుకు బట్ట తక్కువైతె అతుకెయ్యనా? గట్లనే. పోరి పేరు మారిందని ఎవ్వలన్న అడుగుతరేమోనని పరేషాన్ అయిన. ఇంతల మీరే చెప్తిరి, గ్రహం మారితె పేరు మారుతదని. నేనూ గదే అనుకున్న."

ఆంటీ కాసేపు వీధిలోకి చూసింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. ఒక మేక గోడ మీద అంటించిన ప్లాట్ల ప్రకటన నములుతోంది.

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేమండీ?"

"మీరు గంత మెచ్చుకుంటుంటె ఎట్ల చెప్తరక్కా?"

అంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ పట్టుకునే అలవాటు ఆంటీని అంత తేలిగ్గా వదిలేది కాదు. పుస్తకం మూసి, గొర్రెపిల్లల మీద చేయి పెట్టి, నెమ్మదిగా అంది.

"అంటే చనిపోయి టీ తాగడమన్నది మొదటి రచయిత రాయలేదు."

"రాయలె."

"రెండో ఆయనా రాయలేదు."

"రాయలె."

"లోకం మొత్తానికి అది ఉన్నది ఈ ఒక్క పుస్తకంలోనే. మరి ఈ కథ రాసిన మనిషి ఈ పుస్తకం చదివి ఉండాలి కదా. ఎవరెవరు చదివారండీ దీన్ని?"

"ఎవలున్నరు? నేను జదివిన, మీరు జదివిండ్రు..." అని అత్త ఆగిపోయింది. మిషను కూడా ఆగింది.

ఇద్దరూ నా వైపు చూశారు. చింతచిగురు ఏరడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఏరుతూనే ఉన్నాను.

"నేనైతే రాయలేదు," అంది ఆంటీ.

"నేను రాస్తే చీటీల మీద కొలతలే," అంది అత్త.

ఆ చాట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయి ఉండేదాన్నే. కానీ కొట్టేసిన కథ అన్న మాట ఇంకా అక్కడే ఉంది. దాన్ని వదిలి వెళ్లాలనిపించలేదు.

"అందులో ఆయన ఎలా బతికాడో లేదు ఆంటీ," అన్నాను. "ఆయనకు తెలియదని, తెలిసినవాళ్లు మొహమాటంతో చెప్పరని, అది ఇందులో లేదు. అది నేనే అనుకున్నాను."

ఆంటీ పత్రిక తీసి కథ చివరి భాగం మళ్లీ చదువుకుంది, పెదాలు కదుపుతూ.

"మొహమాటంతో చెప్పకపోవడం," అంది చివరికి. "అది నేనెక్కడా చదవలేదు. అయినా నేను చదవని పుస్తకాలు బోలెడున్నాయనుకో." కాస్త ఆగి, "ఈసారి రాసింది పంపేముందు నాకు చూపించమ్మాయ్. ఎక్కడ కొట్టేశావో ముందే చెప్పేస్తాను," అంది.

"ఈసారి" అని అంది ఆంటీ. డైరీలో ఆ రోజు ఆ ఒక్క మాటే రాసుకున్నాను.

"బిడ్డ ఎక్కడ కొట్టేసిందో నన్నడుగుండ్రి," అంది అత్త. "అతుకు నాది. అతుకు మీద పువ్వు కుట్టుకున్నది. గింతే." నా వైపు తిరిగి, "సప్పుడు జెయ్యకుంట ఎన్ని జేస్తవే నువ్వు," అంటూ కత్తెర తీసుకుని ఆంటీ చేతిలోంచి పత్రిక లాక్కుంది.

"ఆగండి వదినగారూ, మీ అన్నయ్యగారు ఇంకా చదవలేదు."

"బుక్కు ఇస్త. గండ్లనే జదువుకొమ్మను."

అత్త అప్పటికే గొర్రెపిల్లల అట్ట విప్పుతోంది. వెలుతురు ఉండగానే నా కథ పేజీలను, రెండు కాలమ్‌ల పేజీకీ మూడు కాలమ్‌ల పేజీకీ మధ్య, పాత కుట్టు విప్పి కొత్త దారంతో కలిపి కుట్టింది. ఇప్పుడు ఆ నవలలో ముసలి శాస్త్రవేత్త చనిపోయాక, టీ తాగడానికి వెళ్లేముందు, మా ఆముదం చేలో కాసేపు ఆగుతాడు.