బల్లి పాసు చేసిన ఈగ

1960లలో శింగనమలలో టీచరుగా ఉండేవాణ్ణి. ఫోటోల పిచ్చి ముందే ఉంది. గాలానికి కోడి ఈకలు చుట్టి, చేపలను మోసగించే ఈగలు కట్టడం పక్కింటి ఖాదర్ సాబు దగ్గర నేర్చుకుంటున్నాను. ఏది కట్టినా, "చీపురు మాదిరి ఉండాది, విప్పప్పా" అనేవారు.

పదిహేడో ఈగను, వేళ్లకు గుచ్చుకోకుండా మొన విరిచిన గాలానికి కట్టాను. తప్పులు తెలుస్తాయని కిటికీలో ఎండకు పెట్టి, ఫోటో తీయబోయాను. గోడ మీది బల్లి దూకి దాన్ని నోట కరిచింది. అదే క్షణంలో నా వేలు కెమెరా మీట నొక్కేసింది. బల్లి ఈగను ఉమ్మేసి పారిపోయింది.

ఫోటో కడిగించి చూపిస్తే, ఖాదర్ సాబు కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఇంగ నేను చెప్పేదేం లేదప్పా. దినామూ ఈగలు తినేదానికన్నా నాకెక్కువ తెలుసునా?"

తర్వాత నా ఫోటోలకు సర్టిఫికెట్లు చాలానే వచ్చాయి. గోడకు తగిలించుకున్నది మాత్రం ఆ బల్లినే.